ప్రార్థన చేసి పెట్టిన పుస్తకం

పాస్టరు జాన్ బాబుగారు ఈ రోజు మూడు విషయాలు చెబుతానని మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలైనా ఇంకా మొదటి దాంట్లోనే ఉన్నారు. మామూలు ఆదివారమైతే నేను ఈపాటికి ఇంట్లో నానబెట్టిన మినప్పప్పు గురించో, దిద్దాల్సిన పదో తరగతి పేపర్ల గురించో ఆలోచిస్తూ ఎప్పుడు ముగిస్తారా అని గోడగడియారం చూసుకునేదాన్ని. ఈ రోజు మాత్రం ఆ మూడూ ముప్ఫై అయిపోవాలని, సాయంత్రం దాకా ఆయన అలా చెబుతూనే ఉండాలని కోరుకుంటున్నాను. ఎందుకంటే వాక్యం అయ్యాక కానుకల పాట, పాట అయ్యాక ప్రకటనలు. ప్రకటనలు చదివేది మా సంఘ కార్యదర్శి కృపానిధిగారు, రిటైరైన సబ్ ఇన్‌స్పెక్టరు. ఇదిగో, ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు, తెల్ల చొక్కా, రిటైరై రెండేళ్ళయినా పోలీసు కటింగే, ఒళ్ళో గోధుమరంగు అట్ట వేసిన పుస్తకం. ఆ అట్ట వేసింది నేనే. అంచులు మడిచి, జిగురు రాసి, ఒక రాత్రంతా ఇనప పెట్టె కింద పెట్టి, ఎంత ముద్దుగా వేశానో. నిన్న మా వీధిలో పిల్ల షెకీనా చేత కబురు పంపారు, రేపు ప్రకటనల్లో ఆ పుస్తకం సంగతి మాట్లాడతాను, టీచరుగారిని తప్పకుండా రమ్మను అని. నేను ఏ ఆదివారం రాలేదు గనక? ఆ ‘తప్పకుండా’ అన్న మాటతోనే నాకు జ్వరం వచ్చినంత పనైంది.

ఫ్యాను తిరుగుతోంది గాని గాలి రావటం లేదు. కిటికీలోంచి బెల్లం వాసన వస్తోంది. మార్చి నెలాఖరుకి ఊరంతా ఇదే వాసన, చీర కొంగుకీ జుట్టుకీ పట్టేస్తుంది. డిసెంబరులో ఆ స్కాట్లాండు దొరగారూ దొరసానిగారూ వచ్చినప్పుడు ఈ వాసన గురించే ఎన్నిసార్లో అడిగారు. మా మిషను బడి నూరేళ్ళ పండగకి వచ్చారు వాళ్ళు. ఆయనకి డెబ్భై ఏళ్ళుంటాయి, ఆవిడకీ అంతే, ఎంత మర్యాద, ఎంత మెల్లగా మాట్లాడటం. చర్చి వెనక గెస్టు గదిలో ఎనిమిది రోజులున్నారు, ఇడ్లీ పెడితే చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాకే తిన్నారు. వెళ్ళిపోయాక గది ఊడ్పించడానికి నేనే వెళ్ళాను. మంచం మీద దిండు పక్కన పుస్తకం ఉంది. లావుగా ఉంది. అట్ట మీద రాతి చర్చి, ఎత్తయిన గోపురం, వెనక సముద్రం, సన్నగా వాన. చర్చిలో నేను చూసుకునే పుస్తకాల గదికి కానుకగా వదిలిపెట్టి వెళ్ళారనుకున్నాను. అనుకోక? అంత భక్తిగల మనుషులు, దాని అట్ట మీద అంత చక్కని చర్చి! రైల్లో కాలక్షేపానికి తెచ్చుకుని, అయిపోయాక బరువని వదిలేసి ఉంటారని నాకెందుకు తట్టలేదు? పాతికేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్న మనిషిని, మొదటి పేజీ తిప్పి చూస్తే చేతులరిగిపోయేవా?

చూడలేదు. అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లున్నాయి, మా ఆయన సురేష్ బాబుకి కామెర్లు తగ్గి నెలయినా కాలేదు, పథ్యం వంటలు. ఇవన్నీ సాకులే. నిజం చెప్పాలంటే గర్వం. స్కాట్లాండు పుస్తకం మా గదికి వచ్చిందన్న గర్వం. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది, కొత్త హార్మోనియం కొన్నా, కొత్త కుర్చీలు వచ్చినా ముందు బల్ల దగ్గర పెట్టి ప్రార్థన చేయించి గాని వాడం. పుస్తకాలకీ అంతే. జనవరి మొదటి ఆదివారం ఆ పుస్తకాన్ని పళ్ళెంలో పెట్టుకుని, పైన లేసు గుడ్డ కప్పి, మధ్య దారిలో నడుచుకుంటూ తీసుకెళ్ళాను. నాలుగు వందల మంది లేచి నిలబడ్డారు. పాస్టరుగారు దాని మీద కుడిచెయ్యి ఉంచి, ఇది చదివే ప్రతి ఒక్కరి కళ్ళూ తెరవబడాలని, ఇందులోని ప్రతి మాటా హృదయాల్లో నాటుకోవాలని ప్రార్థించారు. ప్రతి మాటా! ఆ మాటలేమిటో తెలిశాక, ఆ ప్రార్థన గుర్తొచ్చి వారం రోజులు నాకు అన్నం సయించలేదు.

తెలిసింది పోయిన ఆదివారం. షెకీనా చెప్పింది. వైజాగులో నర్సింగు చదువుతోంది. ఫిబ్రవరిలో ఆ పుస్తకం తీసుకెళ్ళి రెండు వారాల్లో తిరిగి ఇచ్చేసింది. గేటు దగ్గర నన్ను ఆపి, ఆ దొరగారి పుస్తకం భలే ఉందాంటీ, బస్సులో చదువుతుంటే నవ్వాగక కండక్టరు నన్నే చూశాడు అంది. భక్తి పుస్తకంలో నవ్వేమిటే అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, మీరు చదవలేదా అని అడిగి, చదవలేదని తెలిసి, కథంతా చెప్పింది. ఎప్పుడూ వాన పడే సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడొక పోలీసు సార్జెంటు, చలిలో ముక్కు కారుతూ ఉంటుంది, పైఆఫీసరమ్మ ఫోనులో తిడుతూనే ఉంటుంది. ఒడ్డుకి ఒక శవం కొట్టుకొస్తుంది, సరిగ్గా రెండు స్టేషన్ల సరిహద్దు మీద. మాది కాదంటే మాది కాదని రెండు స్టేషన్లవాళ్ళూ ఆ శవాన్ని రాత్రిళ్ళు ఇటూ అటూ జరుపుతూ ఉంటారు. ఇక బూతులంటారా, పేజీకి ఒకటైనా ఉంటుందాంటీ, కొన్ని నాకూ తెలీదు, డిక్షనరీలో కూడా లేవు అంది. నేను గేటు పట్టుకున్నాను. అప్పటికి ఆ పుస్తకం కృపానిధిగారింట్లో చేరి రెండు వారాలైంది.

పాస్టరుగారు రెండో విషయానికి వచ్చారు. అయ్యో, అప్పుడేనా. ప్రతి పుస్తకం చివర నేనొక తెల్లకాయితం అంటిస్తాను, పైన ‘చదివినవారి అభిప్రాయం’ అని ఎర్ర సిరాతో రాసి. తిరిగిచ్చేటప్పుడు రెండు మాటలు రాసి సంతకం పెట్టాలి. పదకొండేళ్ళుగా ఆ కాయితాలు చదవటమే నాకున్న సరదా. మావాళ్ళు దేనికైనా ఒకటే రాస్తారు, ఆత్మీయంగా ఉంది అని. కోళ్ళ పెంపకం పుస్తకానికి కూడా ఒకావిడ ‘ఆత్మీయ ఎదుగుదలకు మిక్కిలి ఉపయోగం’ అని రాసింది. కృపానిధిగారైతే స్టేషను డైరీ రాసినట్టే రాస్తారు, ‘పై పుస్తకమును పూర్తిగా చదివి మంచి స్థితిలో తిరిగి అప్పగించడమైనది’ అని, కింద తేదీ, సమయం. ఈ పుస్తకం మొదట చదివింది తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే త్రినాధరావుగారు. ఆయన మా సంఘస్తులు కారు, పుస్తకం ఉంటే చాలు ఏ గుమ్మమైనా ఎక్కుతారు. ఎప్పుడూ ఉత్త సంతకమే పెట్టే మనిషి, దీనికి ‘చాలా బాగుంది, ఇటువంటివి ఇంకా ఉంటే దయచేసి ఇవ్వగలరు’ అని రాశారు. చూసి పొంగిపోయాను, ఆయన మనసు మారుతోంది కాబోలనుకున్నాను. దాని కింద షెకీనా రాసింది, ‘శవాల గురించి రాసినదంతా సరిగ్గానే ఉంది’ అని. పునరుత్థానం గురించి కాబోలనుకున్నాను. నవ్వొస్తోంది ఇప్పుడు, వాక్యం మధ్యలో నవ్వితే బాగోదు. కృపానిధిగారు బీరువా దగ్గర నిలబడి ఆ రెండు అభిప్రాయాలూ చదివి, నా వంక చూసి, మంచి పుస్తకంలా ఉందండి టీచరుగారూ అన్నారు. మీలాంటి పెద్దలే చదవాలండి అన్నాను నేను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

గది పోతుంది. అది ఖాయం. రెండు నెలలుగా కుర్రాళ్ళు జనరేటరు జనరేటరని గోల పెడుతున్నారు. కరెంటు పోతే మైకు ఆగిపోతోంది, కొన్న జనరేటరుని బిగించకుండా వానకీ ఎండకీ వదిలేశాం, ఆ పుస్తకాల గది ఖాళీ చేస్తే సరిపోతుంది అని. చదివేవాళ్ళెవరండీ ఈ రోజుల్లో అని ఒకరు, టీవీలొచ్చేశాయి కదా అని ఇంకొకరు. నాలుగింటికి కమిటీ. కార్యదర్శి మాటే చివరి మాట. పదడుగుల గది, రెండు బీరువాలు, ఆరువందల నలభై పుస్తకాలు, ఒక కుంటి బెంచీ. ఎవరికైనా అది లెక్కలోది కాదు. నాకు మాత్రం అదే లోకం, బడిలో సిలబసు చెప్పే మనిషిని, ఇంట్లో వండే మనిషిని, ఆదివారం ఒంటిగంట దాటాక ఆ గదిలో మాత్రం నేను నేను. కూరలమ్మే తలుపులమ్మ అక్కడే కూర్చుని కూడబలుక్కుని తన జీవితంలో మొదటి పుస్తకం చదివింది, అయిపోయాక దాన్ని కళ్ళకద్దుకుంది, మతం అడ్డం రాలేదు. ఆ గదిలో ఇంజను పెట్టి, డీజిలు డబ్బా పెట్టి, గోడకి మసి పట్టిస్తే నేను చూడలేను. కాని ఏ మొహం పెట్టుకుని అడగను? బూతు పుస్తకానికి ప్రార్థన చేయించిన మనిషిని. ముప్ఫై ఆరేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, ఒక్క రూపాయి తినలేదని ఊరంతా చెప్పుకునే మనిషికి, పోలీసుల్ని వెక్కిరించే పుస్తకం ఇచ్చి, మీలాంటి పెద్దలే చదవాలి అన్నదాన్ని. పాస్టరుగారి పరువు సంగతి సరేసరి, ఆయన చెయ్యి పెట్టిన పుస్తకం అది.

నా పక్కన కూర్చున్నది కృపానిధిగారి భార్య, స్వర్ణకుమారిగారు. కావాలని కూర్చోలేదు, నేను ఆలస్యంగా వచ్చేసరికి ఆడవాళ్ళ వైపు ఆ ఒక్క చోటే ఖాళీ. నక్కపల్లి పక్క పల్లెటూరావిడ, ఐదో తరగతి దాకా చదువుకుంది, మా గదికి ఎప్పుడూ రాలేదు. మొహం చూసి ఏదైనా కనిపెట్టొచ్చని ఓరకంట చూస్తున్నాను. ఏమీ తెలియటం లేదు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ మనిషితో కాపరం చేసినావిడ, మొహం అలాగే తయారవుతుంది కాబోలు. ఆయన ఇంట్లో మాట్లాడరని అందరికీ తెలుసు. స్టేషన్నుంచి రావటం, స్నానం, అన్నం, పడక. ఆయన నవ్వగా చూసినవాళ్ళు మా సంఘంలో లేరు, పెళ్ళి ఫోటోలో కూడా లాఠీ మింగినట్టు నిలబడి ఉన్నారని మా ఆయన అంటారు. ఆవిడ కొంగు సర్దుకుంది. నా వైపు కొంచెం జరిగింది. తిడుతుందేమోనని నేను పాస్టరుగారి మీదే చూపు నిలిపాను. మూడో విషయానికి వచ్చేశారు ఆయన, బైబిలు మూస్తున్నారు, కళ్ళజోడు తీస్తున్నారు. చెవి దగ్గర ఆవిడ గుసగుస.

“టీచరుగారండి, ఒకటడగనా? ఆ శవం ఆకర్న ఏ టేసను కిందకొత్తాదండి?”

నాకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో. ఏ శవం అని అడగబోయి, ఆవిడ వంక చూశాను. ఆ కళ్ళలో కోపం లేదు. వేసవి సెలవుల్లో కథ మధ్యలో ఆపేస్తే మా మేనకోడలు చూసే చూపు అది. “రోజూ సాయంత్రం సదివి తెలుగులో సెప్తన్నారండి,” అంది ఆవిడ, పెదాలు కదలకుండా. “పది పేజీలే. ఆ పైన సెప్పమంటే సెప్పరు. బూతులొచ్చిన కాడల్లా దగ్గుతారు. నాను రొంపనుకుని మూడ్రోజులు మిరియాల కసాయం పెట్టేను.”

కొంగు నోట్లో కుక్కుకున్నాను. దేవుడా, దగ్గుతారట. పేజీకి ఒకటైనా ఉంటుందన్న పుస్తకానికి ఎంత దగ్గు, ఎంత కషాయం. వాళ్ళ వీధరుగు మీద ఆ మనిషి కళ్ళజోడు పెట్టుకుని, ఇంగ్లీషు ఒక వాక్యం చూసి, తెలుగులో చెప్పి, దగ్గి, మళ్ళీ చెప్పి. నా గుండె మీద వారం రోజులుగా కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది, ఊపిరి అడుగుదాకా అందింది. ఇప్పుడు గాలి కూడా తగులుతోంది, ఈ ఫ్యాను ఇందాకటి నుంచీ బాగానే తిరుగుతోందా? బెల్లం వాసన ఎంత కమ్మగా ఉంది. ఏ స్టేషను కిందకి వస్తుందో నాకూ తెలియదండీ, నేనింకా చదవలేదు అన్నాను. ఆవిడ నన్ను చాలా వింతగా చూసింది. బడిలో ఇంగ్లీషు చెబుతావు, పుస్తకాల గదికి తాళం చెవి నీ దగ్గరే, ఇదా నీ సంగతి అన్నట్టు. అనవలసిందే. ఈ రాత్రికే, కాదు, ఆయన తిరిగి ఇచ్చిన నిమిషంలోనే మొదలుపెడతాను. కానుకల పాట ఎత్తుకున్నారు, గొంతు కలిపాను, శ్రుతి తప్పిందేమో కూడా చూసుకోలేదు.

అయినా పూర్తిగా నమ్మకం లేదు. అరుగు మీద మనిషి వేరు, ఆ మైకు ముందు మనిషి వేరు. ఇంట్లో నవ్వినంత మాత్రాన సంఘంలో ఊరుకోవాలని ఎక్కడుంది? పోలీసు కదా, ఆయనకి రెండు మొహాలూ అలవాటే. పాట అయిపోయింది. కృపానిధిగారు లేచారు. బుధవారం ప్రార్థన ఎవరింట్లోనో చెప్పారు, మట్టల ఆదివారానికి కొబ్బరి మట్టలు శనివారం సాయంత్రానికల్లా తేవాలన్నారు. అన్నీ చెప్పి, కాయితం మడిచి జేబులో పెట్టుకుని, పుస్తకం పైకెత్తి చూపించారు. నేను వేసిన అట్ట మీద ఒక్క మరక లేదు.

“ఈ పుస్తకాన్ని టీచరుగారు చదవకుండా బీరువాలో పెట్టారు. అది తప్పు. పాస్టరుగారు తెరవకుండా ప్రార్థన చేశారు. అదీ తప్పే. ఇందులో బూతులు చాలా ఉన్నాయి. పిల్లల చేతికి ఇవ్వకూడదు.”

ఒకరిద్దరు వెనక్కి తిరిగి నన్ను చూశారు. పాస్టరుగారు తన నోట్సులో ఏదో వెతుక్కుంటున్నారు. నేను తల దించుకోలేదు, తప్పు తప్పే, ఆయన సరిగ్గానే చెప్పారు. కృపానిధిగారు మైకు ఇంకా దగ్గరికి లాక్కున్నారు. స్పీకరులో ఆయన ఊపిరి వినిపిస్తోంది. మళ్ళీ మాట్లాడేసరికి ఆ ప్రకటనల భాష పోయింది, ఇంటి భాష వచ్చింది.

“నేను కొత్తగా కానిస్టేబుల్‌గా సేరినప్పుడు, సముద్రం ఒడ్డు టేసను, పేరెందుకులెండి, ఒక రోజు తెల్లారి శవం కొట్టుకొచ్చింది. మద్దిలో కాలవ. ఇటు మాది, అటు పక్కోళ్ళది. పంచనామా, బండి, ఆస్పత్రి, అదంతా మనకెందుకురా, అవతలకి జరిపేయండి అన్నాడు మా పెద్దాయన. నేనూ ఇంకొకాయనా కాళ్ళొకరం సేతులొకరం పట్టుకుని కాలవ దాటించేం. సాయంత్రానికి ఆళ్ళు ఇవతలకి జరిపేరు. మూడ్రోజులు అదే పని. అప్పుడు నవ్వుకున్నాం కూడా. ఆకరికి ఎవరు పాతిపెట్టేరో నాకు తెలీదు. ఆ మనిషెవరో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.”

నా పక్కన స్వర్ణకుమారిగారు కదలటం లేదు. ఇది పుస్తకంలోది కాదని ఆవిడకి తెలిసింది. పది పేజీల తర్వాత ఆయన ఎందుకు ఆపేస్తున్నారో కూడా ఇప్పుడే తెలిసినట్టుంది. కుర్రాళ్ళు కూర్చున్న వైపు సెల్లు ఎవరిదో మోగబోయి ఆగింది.

“స్కాట్లాండులో కూర్చుని ఆ రచయిత ఎవరో అచ్చం అదే రాసేడండి. సదివి పడీ పడీ నవ్వేను. మా ఆవిడ బయపడిపోయింది. ఆ రోజు పడుకుంటే నిద్దర రాలేదు. ఈ పుస్తకం లేకపోతే నేనీ మాట ఎవరికీ సెప్పకుండానే పోదును. అందుకని ఆ గది ఉండాలి. జనరేటరు వరండాలో పెట్టండి, పైన రేకు నేనేయిస్తాను.” అని పాస్టరుగారి వైపు తిరిగారు. “సచ్చిపోయినోళ్ళ కోసం మనం ప్రార్థన సెయ్యం, తెలుసు. ఆ మనిషి ఇంట్లో ఎవరైనా ఇంకా ఎదురుసూత్తా ఉంటే, ఆళ్ళ కోసం సెయ్యండి.”

పాస్టరుగారు లేచి మైకు దగ్గరికి వచ్చారు. ప్రార్థన విన్నపాలు రాసుకునే అలవాటు చొప్పున పెన్ను తీసి, పేరు అని అడిగారు. తెలీదండి అన్నారు కృపానిధిగారు. పాస్టరుగారు పెన్ను మూత పెట్టేశారు. నాలుగు వందల మందీ ఎవరూ చెప్పకుండానే నిలబడ్డారు, కుర్చీల చప్పుడు సర్దుమణిగేదాకా ఆగి, ఆయన కళ్ళు మూసుకుని, సముద్రం ఒడ్డుకి వచ్చిన మా సహోదరుని ఇంటివారిని అంటూ మొదలుపెట్టారు. మా సహోదరుడు అన్నారు. ఏ స్టేషనువాళ్ళూ మావాడు అననివాణ్ణి, ఇన్నేళ్ళకి మావాడన్నారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. నా గది నిలిచిందన్న సంతోషం కూడా ఆ కన్నీళ్ళలో ఉంది, దాచుకోను, సగం అదే. స్వర్ణకుమారిగారు నా చెయ్యి పట్టుకుంది, వేళ్ళు గట్టిగా నొక్కింది, ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన పొడుగ్గా సాగింది, ఎవరూ గడియారం చూడలేదు. ఆమెన్ అన్నప్పుడు అందరికంటే గట్టిగా వినిపించింది కృపానిధిగారి గొంతే.